మునుస్వామినాయుడుగారు: ఒక చిత్తూరు న్యాయవాది ఉత్థాన పతనములు



తిరుత్తణి కొండకు సమీపమున వేలంజేరి యను గ్రామము కలదు. నేడది తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లాకు చేరియున్నది. కాని 1960 సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన పటాస్కరు తీర్పు ననుసరించి ఎల్లలు మారువరకు తిరుత్తణి ప్రాంతము మన చిత్తూరు జిల్లాలోనిదే. ఇప్పటి వృద్ధులలో ఆ కాలము నెరిగినవారు కొందరుందురు. ఆ వేలంజేరిలో 1885 సంవత్సరమున ఒక రైతు కుటుంబమున బొల్లిని మునుస్వామినాయుడుగారు జన్మించిరి. నలుబదియైదేండ్ల వయస్సున వారు మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రియైరి. నలుబదియేడవయేట ఆ పదవి పోయెను. ఏబదియవయేట కాలధర్మము నొందిరి. ఈ మూడు మాటలలో వారి చరిత్ర ముగిసినట్లే తోచును. కాని వారు పైకి వచ్చిన తీరును, క్రిందికి దిగిన తీరును విచారించి చూచినచో అందు మన గ్రామములకు పనికివచ్చు సంగతులు చాల కలవు. వానిని మీకు మనవిచేయుటయే నేటి నా ఉద్దేశము.

మొదట కాలమును, స్థలమును జ్ఞాపకము చేసికొందము. 1911 సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము చిత్తూరు జిల్లా యనునది లేదు. ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరు ముఖ్యపట్టణముగా నుండెను. కచ్చేరీలు, జిల్లా న్యాయస్థానము అచ్చటనే యుండెను. క్రొత్త జిల్లా యేర్పడినప్పుడు ఆర్కాటులోని తెలుగు తాలూకాలు, కడప జిల్లాలోని మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములు ఒకటిగా చేరెను. కాళహస్తి, కార్వేటినగరము, పుంగనూరు మొదలగు జమీందారీలును ఈ జిల్లాలోనివే. కావున ఈ జిల్లాలో రెండు విధములైన రైతు లుండిరి. ఒకరు సర్కారుకు నేరుగా శిస్తు కట్టు పట్టాదారులు. రెండవవారు జమీందారుకు శిస్తు కట్టువారు. ఈ భేదమును మనస్సున నుంచుకొనుడు. ముందు జరుగబోవు కథకు ఇదియే కీలకము.

ఆ దినములలో న్యాయవాది యనగా నెవడు? గట్టు తగాదా వచ్చినను, కాలువ నీటికి వంతు తప్పినను, జమీందారు గుమాస్తా పుచ్చుకొన్న పైకమునకు దాఖలా ఇయ్యకున్నను, అన్నదమ్ముల భాగపరిష్కారము చెడినను, రైతు మూటముల్లె కట్టుకొని చిత్తూరు చేరి ప్లీడరు వసారాలో కూర్చుండెడివాడు. అధికారి భాష ఆంగ్లము. రైతు భాష తెలుగు. ఈ రెంటికి నడుమ వారధి ప్లీడరే. ఊరిలో ఎవరి భూమి యెంత, ఎవరికి ఎవరితో వైరము, ఏ చెరువు తెగినది, ఏ బాట పాడైనది, అన్నియు అతని చెవి సోకుచుండెను. అందుచేత ప్రజాప్రతినిధి కావలసి వచ్చినప్పుడు జనులు మొదట ప్లీడరు ముఖమే చూచిరి. ఇది మన జిల్లాకే పరిమితము కాదు. ఆ తరములో దేశమంతటను గాంధీ, మోతీలాలు నెహ్రూ, చిత్తరంజనదాసు, రాజగోపాలాచారి, టంగుటూరి ప్రకాశము మొదలగు నాయకులు న్యాయవాదులే గదా!

మునుస్వామినాయుడుగారు న్యాయశాస్త్రమున పట్టమునొంది న్యాయవాదులైరి. పిమ్మట చిత్తూరు జిల్లా బోర్డునకు అధ్యక్షులైరి. జిల్లా బోర్డు అధ్యక్షపదవి నేటివారికి చిన్నదిగా తోచవచ్చును. నాడట్లు కాదు. బాటలు, వంతెనలు, సత్రములు, ధర్మవైద్యశాలలు, ప్రాథమిక పాఠశాలలు, ఇవన్నియు బోర్డు చేతిలోనివే. ఏ గ్రామమునకు బాట పడవలెను, ఎచ్చట బడి పెట్టవలెను, ఎవరిని ఉపాధ్యాయుని చేయవలెను అను విషయములలో అధ్యక్షుని మాట చెల్లెడిది. కలెక్టరు తరువాత జిల్లాలో పదిమంది ఇంటిముందు నిలుచునది ఆయన వాకిటనే. న్యాయస్థానములో సంపాదించిన పరిచయము బోర్డులో పలుకుబడిగా మారెను. బోర్డులోని పలుకుబడి శాసనసభకు దారి చూపెను.

ఇక శాసనసభ సంగతి. 1919 సంవత్సరపు చట్టముచే మన దేశమున ద్వంద్వప్రభుత్వ మను విచిత్రమైన పద్ధతి యేర్పడెను. రాజ్యభారమును రెండు పాళ్ళు చేసిరి. భూమిశిస్తు, పోలీసు, న్యాయము, ధనాగారము మొదలగునవి గవర్నరును, ఆయన కార్యాలోచన సభ్యులును తమ చేతిలో నుంచుకొనిరి. స్థానిక స్వపరిపాలనము, విద్య, వైద్యము, వ్యవసాయశాఖ, ఆబ్కారీ మొదలగునవి మంత్రుల కప్పగించిరి. అనగా బీరువా తాళపుచెవి ఒకరి చేతిలోను, ఇంటి ఖర్చు మరియొకరి నెత్తిమీదను ఉన్నట్లు. మద్రాసు శాసనసభలో 132 మంది సభ్యులు; అందు ఎన్నుకొనబడినవారు 98 మంది. జమీందారులకు ప్రత్యేకముగా 6 స్థానములుండెను. ఓటు హక్కు ఆస్తియు పన్నును గలవారికే గాని కూలివానికి లేదు.

ఈ సభలో మొదటినుండియు బలముగల పక్షము జస్టిస్ పార్టీ. 1916 సంవత్సరమున పిట్టి త్యాగరాయశెట్టి, డాక్టరు టి. ఎం. నాయరు మొదలగువారు దీనిని స్థాపించిరి. ఉద్యోగములలోను, విద్యలోను బ్రాహ్మణేతరులకు న్యాయమైన భాగము కావలె నని వారి వాదము. ఆ వాదమునకు బలమైన హేతువు లుండెను. దానిని ఆలకించినవారిలో రైతులు, వర్తకులు, ప్లీడర్లు, జమీందారులు అందరును కలరు. అందరికిని కోరిక యొక్కటియైనట్లు కనబడెను. కాని ఒక్క బండికి కట్టిన ఎద్దులన్నియు ఒక్క ఊరికే పోవునవి కావు. జమీందారును, ఆ జమీందారుకు శిస్తు కట్టు రైతును ఒకే పక్షమున నెంతకాలము నిలువగలరు? ఈ ప్రశ్నను చాలకాలము ఎవరును గట్టిగా అడుగలేదు.

అడుగకుండుటకు ఒక మహానుభావుని నేర్పు కారణము. కాళహస్తిలో 1866 సంవత్సరమున జన్మించిన పానుగంటి రామరాయణింగారు, అనగా పానగల్లు రాజాగారు, 1921 నుండి 1926 వరకు ముఖ్యమంత్రిగా నుండిరి. హిందూ దేవాదాయ ధర్మాదాయముల చట్టము వారి కాలపు కార్యము. వారు జమీందారులకు జమీందారు, చదువరులకు చదువరి. రాజులను, రైతులను ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టగల శక్తి వారికుండెను. అయినను వారికిని ఇంటిపోరు తప్పలేదు. 1923 సంవత్సరము నవంబరులో వారిపై అవిశ్వాస తీర్మానమును తెచ్చిన వా రెవరు? చిత్తూరు ప్రక్కనున్న కట్టమంచి గ్రామమున పుట్టిన రామలింగారెడ్డిగారే. ఆ తీర్మానమునకు 44 మంది అనుకూలురు, 65 మంది ప్రతికూలురు. పానగల్లు రాజాగారు నిలిచిరి. ఈ జిల్లావారే ఈ జిల్లావారితో మద్రాసు సభలో పోరాడిన ఘట్ట మది.

1928 సంవత్సరము డిసెంబరు 16వ తేదీన పానగల్లు రాజాగారు మరణించిరి. పక్షమునకు పెద్దదిక్కు పోయెను. నాయకత్వము మునుస్వామినాయుడుగారికి వచ్చెను. ఒక రాజు తరువాత ఒక రైతుబిడ్డ! ఇందులకు సంతోషించినవారు కలరు. లోలోపల నొచ్చుకొన్నవారును కలరు. రాజభవనములలో పుట్టిన పెద్దలు, చిత్తూరు ప్లీడరు ఎదుట రెండవ వరుసలో కూర్చుండుటకు సులభముగా సమ్మతింతురా? నాయుడుగారు పక్షపు ద్వారములను బ్రాహ్మణులకును తెరువవలెనను ఆలోచనకు అనుకూలురుగా నుండిరి. పక్షమును విశాలము చేయవలెనని వారి తలంపు. దానికి పక్షములోనే తీవ్రమైన ప్రతిఘటన కలిగి, ఆ ఆలోచన ముందుకు సాగలేదు. కావున పదవికి రాకమునుపే, తనవారిలో కొందరికి వారు అనుమానాస్పదులైరి.

1930 సంవత్సరము వచ్చెను. దేశచరిత్రలో అది యెట్టి సంవత్సరమో మీకు తెలియును. గాంధీమహాత్ముడు దండికి నడచి ఉప్పు తీసెను. తెలుగుదేశమున సముద్రతీరమంతట ఉప్పు వండిరి, జైళ్ళు నిండెను. కాంగ్రెసువారు శాసనసభలను బహిష్కరించిరి. ఆ యేటి ఎన్నికలలో జస్టిస్ పార్టీకి 98 స్థానములలో 35 లభించెను. సంఖ్య తక్కువయే, కాని ఎదుట గట్టి పక్షము లేదు. గవర్నరు సర్ జార్జి స్టాన్లీగారు నాయుడుగారిని పిలిచి మంత్రివర్గమును కూర్చుమని కోరిరి. 1930 సంవత్సరము అక్టోబరు 27వ తేదీన వేలంజేరి రైతుబిడ్డ మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రి యయ్యెను. ఆ రాజధాని యనగా గంజామునుండి తిన్నెవెల్లివరకు, మలబారునుండి బళ్ళారివరకు గల సీమ యని మరువరాదు.

ఇచ్చట ఒక ధర్మసందేహము కలుగును. వేలమంది జైళ్ళలో నుండగా ప్రభుత్వములో కూర్చుండుట తగునా? ఆ యేడే కట్టమంచి రామలింగారెడ్డిగారు ప్రభుత్వపు అణచివేతకు నిరసనగా ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవిని వదలుకొనిరి. చిత్తూరు సీమవారే యిరువురు; ఒకరు పీఠము దిగిరి, ఒకరు పీఠ మెక్కిరి. రెడ్డిగారి స్థానమునకు 1931 సంవత్సరమున వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణగారు తిరుత్తణిలోనే జన్మించి, తిరుపతిలోని లూథరన్ మిషను పాఠశాలలో చదివినవారు. ఒక్క చిన్న సీమనుండి ఒక్క కాలమున ఇందరు పెద్దలు వచ్చిరి గదా యని గర్వింపవచ్చును. వారి మార్గములు వేరువేరని గ్రహింపవలెను.

నాయుడుగారి పక్షమున చెప్పదగిన మాటయు కలదు. బడులు, బాటలు, వైద్యశాలలు ఎవరో యొకరు నడపవలసినవే. అవి విదేశీయ అధికారుల చేతిలోకి పోవుటకంటె మనవారి చేతిలో నుండుట మేలని వారి పక్షమువారి వాదము. ఆ వాదమున కొంత నిజము లేకపోలేదు. కాని జనుల హృదయము అప్పుడు లెక్కలు చూచుట లేదు. త్యాగము చేసినవానిని తలపై నుంచుకొని, పదవి పొందినవానిని దూరమునుండి చూచెను. నాయుడుగారు ఎక్కిన నిచ్చెన క్రింద నేల లేదు. అనగా ప్రజల ఉత్సాహము లేదు. శాసనసభ్యుల ఓట్లే ఆధారము. ఆ ఓట్లు పోయిననాడు పట్టుకొనుటకు మరియొక కొమ్మ లేదు.

మంత్రివర్గమున మూడు స్థానములు. ఒకటి తాను తీసికొని, స్థానిక స్వపరిపాలనమును ఉంచుకొనిరి. మిగిలిన రెండు పి. టి. రాజనుగారికిని, ఎస్. కుమారస్వామిరెడ్డియారుగారికిని ఇచ్చిరి. పెద్ద జమీందారులలో ఒక్కరికిని స్థానము దక్కలేదు. పక్షమునకు ధనమిచ్చినవారు, సభలకు పందిళ్ళు వేయించినవారు, తమ బంగళాలలో విందులు చేసినవారు బయటనే నిలిచిరి. వారి కినుకకు ఇంతకంటె వేరు కారణము కావలెనా? ఎం. ఏ. ముత్తయ్యశెట్టియారుగారి నాయకత్వమున పక్షములోనే ఒక అసమ్మతివర్గము బయలుదేరెను. బొబ్బిలి, వెంకటగిరి మొదలగు సంస్థానముల ప్రభువులు ఆ వర్గమునకు బలమైరి. ముప్పదియైదుగురే గల పక్షములో పదిమంది ముఖము త్రిప్పుకొన్నచో ముఖ్యమంత్రి గతి యేమి? ప్రతిదినమును ఓట్లు లెక్కపెట్టుకొనుటయే పని యగును.

దీనికి తోడు కాలము పగబట్టినట్లయ్యెను. 1929 సంవత్సరమున అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యము ప్రపంచమంతయు వ్యాపించి మన పల్లెలవరకు వచ్చెను. ధాన్యము, వేరుసెనగ, బెల్లము, అన్నిటి ధరలును పడిపోయెను. వేరుసెనగ పండించి అమ్ముకొను రాయలసీమ రైతునకు ఆ దెబ్బ నేరుగా తగిలెను. పంట ధర దాదాపు సగమునకు దిగినను శిస్తు దిగలేదు, అప్పు దిగలేదు, వడ్డీ దిగలేదు. అంతకుముందు రెండు బస్తాలమ్మి కట్టిన కిస్తీకి ఇప్పుడు నాలుగు బస్తాలు అమ్మవలసి వచ్చెను. కృష్ణా గోదావరి జిల్లాలలో పునఃపరిష్కారము పేరుతో శిస్తు పెంచుటపై గొప్ప ఆందోళన జరుగుచుండెను. వెంకటగిరి జమీందారీలో రైతులు తమ బాధలు చెప్పుకొనుచు కదలిరి. నెల్లూరు వెంకట్రామానాయుడు, ఆచార్య రంగా మొదలగువారు వారికి తోడైరి.

రైతులు చూచినది మద్రాసులోని ముఖ్యమంత్రి ముఖము. కాని శిస్తు తగ్గించు అధికారము ఆయనకు లేదు! అది గవర్నరు చేతిలోని శాఖ. మంత్రి చేయగలిగినది తన శాఖల ఖర్చు తగ్గించుటయే. ప్రభుత్వపు రాబడి తగ్గినకొలది ఖర్చులు కోసిరి. ఖర్చు తగ్గించిన బోర్డుల బాటలు ఆగును, బడులు ఆగును. ఆ నిందయు ఆయనదే. శిస్తు తగ్గలేదను నిందయు ఆయనదే. అధికారము ఒకచోటను, అపకీర్తి ఒకచోటను నుండునట్లు ఆ రాజ్యాంగమును కల్పించినవారి తెలివి ఏమని చెప్పుదును! అమీను జప్తుకు వచ్చినప్పుడు వాకిట నిలిచిన గ్రామమునసబును ఊరివారు తిట్టెడివారు. డిక్రీ యిచ్చిన కోర్టు కంటికి కనబడదు. గ్రామాధికారము చేసిన ఇండ్లవారికి ఈ బాధ చక్కగా అర్థమగును.

జమీందారుల శంక మరియొక విధమైనది. ఈయన రైతుకులమున పుట్టినవాడు; జమీను రైతుల కదలిక పెరుగుచున్నది; ఈయన చేతిలో పక్షముండిన మన సంగతి యేమగునో యని వారి భయము. అనగా రైతులు తమవాడు తమకేమియు చేయలేదనిరి. జమీందారులు ఇతడు రైతులవాడనిరి. రెండు వైపులను నమ్మకము పోయినవాని స్థితి రోటిలోని తలవంటిది. చాలకాలమునుండి అడుగని ఆ ప్రశ్న, ఈ పక్షము ఎవరిది యను ప్రశ్న, ఇప్పుడు నోరు తెరచి అడిగెను. బ్రాహ్మణేతరులు అను ఒక్క పేరు, భూస్వామికిని సాగుదారుకును నడుమనున్న గోతిని పూడ్చలేకపోయెను. నా తలంపున నాయుడుగారి పతనమునకు మూలము వ్యక్తుల అసూయ మాత్రమే కాదు, ఆ గొయ్యియే.

1932 సంవత్సరము అక్టోబరు 10, 11 తేదీలలో తంజావూరులో పక్షపు పదునొకండవ మహాసభ జరిగెను. సభ మొదటినుండియు అలజడితో నిండెను. ఇరువర్గములవారును తమ తమ అనుచరులను తెచ్చిరి. వాదము తుదకు గందరగోళముగా మారెను. జమీందారీ వర్గముదే పైచేయి యయ్యెను. మునుస్వామినాయుడుగారిని పక్షాధ్యక్షతనుండి తొలగించి, బొబ్బిలి రాజాగారైన రామకృష్ణ రంగారావుగారిని అధ్యక్షులుగా ఎన్నుకొనిరి. క్రొత్త అధ్యక్షులకు అప్పటికి ముప్పదియొకటి యేండ్లు. జిల్లా బోర్డునుండి మెట్టు మెట్టుగా ఎక్కివచ్చిన నలుబదియేడేండ్ల న్యాయవాది, రెండు దినములలో దిగవలసి వచ్చెను.

పక్షము పోయిన తరువాత పదవి యెన్నాళ్ళు నిలుచును? శాసనసభలో అవిశ్వాస తీర్మానము రాబోవుచున్నదని తెలిసెను. లెక్క చూచుకొన్న నాయుడుగారు తీర్మానము రాకమునుపే రాజీనామా నిచ్చిరి. 1932 సంవత్సరము నవంబరు 4వ తేదీతో వారి ముఖ్యమంత్రిత్వము ముగిసెను. మొత్తము రెండేండ్ల పైని కొద్ది దినములు. మరునాడు బొబ్బిలి రాజాగారు ముఖ్యమంత్రియైరి. ఇందొక విశేషమును గమనింపుడు. క్రొత్త మంత్రివర్గమున మిగిలిన ఇరువురు ఎవరనుకొందురు? ఆ రాజనుగారును, ఆ కుమారస్వామిరెడ్డియారుగారునే. మూడు కుర్చీలలో మారినది ఒక్క కుర్చీయే. నిన్నటివరకు ప్రక్కన కూర్చుండినవారు నేడును అచ్చటనే కూర్చుండిరి; నడుమనున్న మనుష్యుడు మాత్రము లేడు. పతనమనగా నిట్టిది. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలందురు. నాయుడుగారు రచ్చలో ఓడలేదు, ఇంటిలోనే ఓడిరి.

ఓడినంతనే వారు ఊరకుండలేదు. జస్టిస్ డెమొక్రటిక్ పార్టీ యను వేరొక పక్షమును స్థాపించిరి. శాసనసభలో ఇంచుమించు ఇరువదిమంది ప్రతిపక్షసభ్యుల మద్దతు వారికుండెను. రాజుల పక్షమునకు బదులు ప్రజాస్వామిక పక్షమని ఆ పేరులోనే తెలియును. కాని దానికి ఆయుర్దాయము తక్కువ. 1935 సంవత్సరమున నాయుడుగారు మరణించిరి. వారి అనుచరులు తిరిగి పాతపక్షములోనే కలిసిరి. ఒక మనుష్యునిపై నిలిచిన పక్షము ఆ మనుష్యునితోనే పోవునని మరియొకసారి రుజువయ్యెను.

గెలిచినవారి సంగతియు వినుడు. లేకున్న కథ సగమే యగును. 1937 సంవత్సరపు ఎన్నికలలో కాంగ్రెసు రంగమునకు వచ్చెను. అప్పటికి ఓటు హక్కు మునుపటికంటె చాలమందికి కలిగెను. 215 స్థానములుగల క్రొత్త శాసనసభలో జస్టిస్ పార్టీకి 18 మాత్రము దక్కెను. బొబ్బిలి రాజాగారు తమ సొంత బొబ్బిలిలో ఓడిపోయిరి. ఓడించిన వా రెవరు? వరాహగిరి వెంకటగిరిగారు, న్యాయశాస్త్రము చదివిన కార్మికనాయకులు, పిమ్మట భారత రాష్ట్రపతియైనవారు. న్యాయవాదిని తొలగించిన రాజుకు న్యాయవాదియే ఎదురువచ్చెను. క్రొత్త మంత్రులు నెలకు 500 రూపాయల జీతము చాలుననిరి. మునుపటి మంత్రుల జీతము వేలలో నుండెను. ప్రకాశముగారి అధ్యక్షతన జమీను రైతుల స్థితిగతులపై విచారణ జరిగెను. 1948 సంవత్సరపు చట్టముచే జమీందారీలే రద్దయ్యెను. తంజావూరులో గెలిచిన వర్గము ఏ ఆస్తిని కాపాడుకొనుటకు గెలిచెనో, ఆ ఆస్తికే పదునారేండ్లలో చెల్లుచీటి వ్రాయబడెను.

తిరుపతివారికి మరియొక సంగతి జ్ఞాపకము వచ్చును. ఈ మంత్రుల మార్పిడి జరిగిన రోజులలోనే తిరుమల తిరుపతి దేవస్థానముల చట్టము పుట్టెను. 1843 నుండి హాథీరాంజీ మఠపు మహంతుల చేతిలోనున్న ఆలయ పాలనము 1933 సంవత్సరమున సంఘము చేతికి వచ్చెను. మంత్రులు వచ్చిరి, పోయిరి. ఆ ఏర్పాటు పలుమార్పులతో నేటివరకు నిలిచియున్నది. పదవికంటె శాసనమునకు ఆయుర్దాయ మెక్కువ.

ఇక చిత్తూరు న్యాయవాదులలోనే మరియొకరిని ప్రక్కన నిలిపి చూతము. తిరుచానూరులో 1891 సంవత్సరమున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారుగారు చిత్తూరులోనే న్యాయవాదవృత్తి చేసిరి. వారు కాంగ్రెసు మార్గమున పోయి జైలుకు పోయిరి. 1934 సంవత్సరమున కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. 1956 సంవత్సరమున లోకసభకు అధ్యక్షులైరి. పిమ్మట బీహారు గవర్నరైరి. ఒకే పట్టణమున నల్లకోటు తొడిగిన యిరువురిలో ఒకరిది నిలకడగల ప్రయాణము, ఒకరిది మెరుపువంటి ఉన్నతి. తెలివిలో భేదమున్నదని నేననను. ఒకరు ప్రజల ఉద్యమమునకు వెనుక నడచి పైకి వచ్చిరి. ఒకరు ఉద్యమము లేని సభలో మెట్లెక్కిరి. భేదమంతయు నచ్చటనే యున్నదని నాకు తోచుచున్నది.

అట్లని ఉద్యమమున పుట్టినవారికి పతనము లేదనరాదు. ఆంధ్రకేసరి ప్రకాశముగారిని చూడుడు. వేలకు వేలు గడించు బారిష్టరు వృత్తిని వదలి, సర్వమును దేశమునకు ధారవోసిన మహాత్యాగి. 1946 సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీన మద్రాసు ప్రధానమంత్రియై, ఏడాది తిరుగకుండ 1947 సంవత్సరము మార్చిలో స్వపక్షమువారిచేతనే దిగిరి. 1953 సంవత్సరమున ఆంధ్రరాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియై, మరుసటి యేడు నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయిరి. అయినను ఆయన పేరు చెప్పిన నేటికిని తెలుగువాడు లేచి నిలుచును. మునుస్వామినాయుడుగారి పేరు చెప్పిన చిత్తూరులోనే ఎవరాయన యని అడుగువారున్నారు. ఇరువురును స్వపక్షముచేతనే పడిరి. ఒకరు పడిన తరువాత క్రింద జనులు చేతులు పట్టి నిలిపిరి. ఒకరు పడినచోట జనులు లేరు.

పెద్దలారా! ఈ చరిత్రను చెప్పుటలో నాయుడుగారిని నిందించుట నా కోరిక కాదు. రాజుల పంక్తిలో ఒక రైతుబిడ్డ తలయెత్తుకొని కూర్చుండెను. అది చిన్న కార్యము కాదు. పెద్ద జమీందారులను ప్రక్కనబెట్టి మంత్రివర్గమును కూర్చిన ధైర్యము సామాన్యము కాదు. పక్షపు ద్వారములు తెరువవలెనన్న తలంపు సంకుచితము కాదు. వారి తప్పిద మొక్కటి: ఎవరిని ప్రక్కకు నెట్టిరో వారి ధనముతో, వారి ఓట్లతో నడచు పక్షముపైననే ఆధారపడిరి. పొరుగువాని చేలో పందిరి వేసి, పొరుగువానితో తగవు పెట్టుకొన్నట్లయ్యెను. ముందు తన చేనును సంపాదించుకొనవలసినది. అనగా రైతుల వద్దకు పోయి, శిస్తు నా చేతిలో లేదు, నాతో కలిసి అడుగుడని చెప్పవలసినది. అట్లు చెప్పినచో పదవి ముందే పోయెడిదేమో! కాని పదవి పోయిననాడు మనుష్యుడు మిగిలెడివాడు.

మన గ్రామములలోను ఇట్టివారు కలరు. కోర్టు వ్యవహారము నేర్చి, నలుగురి కాగితములు చూచి, పంచాయతికి, అంతకు పైకి పోవువారు ప్రతి తరమునను వచ్చెదరు, రావలసినదే. అట్టి యువకుడు మీ రచ్చబండ యొద్దకు వచ్చి ఆశీర్వాదము కోరినప్పుడు వేలంజేరి వారి కథను వానికి చెప్పుడు. ఎవరి ఓటుతో ఎక్కితివి, ఎవరి ధనముతో నడచితివి, దిగిననాడు ఎవరి వసారాలో కూర్చుందువు, ఈ మూడు ప్రశ్నలు ముందే వేసికొమ్మని చెప్పుడు. మూడింటికిని ఒక్కటే సమాధానము వచ్చినవానికి భయము లేదు. మునుస్వామినాయుడుగారికి మూడింటికి మూడు సమాధానములు వచ్చెను.

తిరుత్తణి మీదుగా రైలులో పోవునప్పుడు ఆ కొండను చూచి సుబ్రహ్మణ్యేశ్వరునికి మ్రొక్కుదుము. ఈసారి ఆ ప్రక్కనే యున్న చిన్న పల్లెను, అచ్చటినుండి బయలుదేరి మద్రాసు కోటవరకు పోయి, తనవారిచేతనే వెనుకకు పంపబడిన ఆ న్యాయవాదిని కూడ ఒక్క నిమిషము స్మరింపుడు. ఎల్లలు మారినను ఆయన మన జిల్లావారే.